బిల్లు దొర కోసం మా నాయనమ్మ చేసిన ప్రార్థన

ఈ తెల్లవారుజామున కూడా నా మోకాళ్ళకు వంగే బలమిచ్చి, వంగినవాటిని తిరిగి లేపిన తండ్రికి స్తోత్రం. డెబ్బయ్యో ఏడు దాటిన నా కళ్ళకు ఆయన వాక్యంలోని పెద్దక్షరాలనైనా కనబడనిస్తున్నందుకు, ఓడలెక్కి పోయినవాళ్ళు పోగా రంగూనులో మిగిలిన మా గుప్పెడు కుటుంబాలను ఇన్ని వానాకాలాలు కాచుకొచ్చినందుకు ఆయన నామానికే మహిమ. ఏ సంగతి మొదలుపెట్టినా ముందు ఆయనను తలచుకోవడం మా నాయనమ్మ మాకు నేర్పిన పద్ధతి, ఈ సంగతి కూడా ఆమెదే గనక ఆమె పద్ధతిలోనే మొదలుపెట్టాను.

పోయిన వారం మా మనవరాలు సంచౌంగ్‌లో ఇంగ్లీషు ట్యూషను ముగించుకొని వచ్చి, తడిసిన గొడుగు గుమ్మంలో ఆరబెట్టి, ఫోను నా ముందు పెట్టింది. తనకు తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు, నన్ను అవ్వా అనడానికి బర్మా మాటలో అప్వా అనే పిలుస్తుంది. పాఠంలో రెండు ముక్కలకు అర్థం కావాలట. చూస్తే రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లాండు పార్లమెంటు సభ్యుడొకాయన, పీలగా, కొంచెం పక్కకు ఒరిగి కూర్చున్న బొమ్మ, కింద ఆయన జీవితం పదిహేను వరుసల్లో. బానిసల వ్యాపారాన్ని ఆపించడానికి ఏళ్ళ తరబడి బిల్లు పెట్టిన మనిషి. ఈయన నాకు తెలుసు, మన ఇంట్లో రోజూ ఈయన పేరెత్తేవాళ్ళం అన్నాను. మనకు చుట్టమా అని అడిగింది పిల్ల. దగ్గర చుట్టమే అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది, నేను మాత్రం ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మేము మింగళ తౌంగ్‌న్యున్‌లో చెక్కమేడ కింది వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఓడరేవు గోదాములో గుమాస్తా, ఆదివారం మా తెలుగు సంఘంలో సండే స్కూలు పెద్ద. సైన్యం రాజ్యానికొచ్చి దుకాణాలు, కంపెనీలు సర్కారువి చేసేశాక మనవాళ్ళు వారం వారం ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోతున్న రోజులవి, మీలో నా ఈడువాళ్ళకు ఆ రోజుల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆరాధనలో ఈ ఆదివారం ఉన్న బెంచీ పై ఆదివారానికి ఖాళీ. వెళ్ళినవాళ్ళ దగ్గరనుంచి ఉత్తరాలు వచ్చేవి. మా పెద్దవాళ్ళలో చదువు వచ్చినవారు తక్కువ గనక, ఆరాధన అయ్యాక జనం లేవకుండా అలాగే కూర్చుంటే నాన్న ఆ ఉత్తరాలు బిగ్గరగా చదివి వినిపించేవాడు. ఉత్తరంలో ఎవరికి జ్వరం అని ఉంటే వారి పేరు, ఎవరికి ఇంకా పని దొరకలేదని ఉంటే వారి పేరు, అక్కడికక్కడే మా పెద్దమ్మ ప్రార్థన మనవుల పుస్తకంలోకి ఎక్కించేది. పెద్దమ్మ అంటే నాన్న అన్నగారి భార్య, భర్త పోయాక సంఘానికే అంకితమైన మనిషి. బుధవారం స్త్రీల కూడికలో ఆ పుస్తకం తెరిచి పేరు పేరునా ప్రార్థించేవారు. ఉత్తరం చదివితే పేరు ఎక్కాలి, పేరు ఎక్కితే మోకరించాలి. అది మా సంఘపు రివాజు.

ఆ ఏడు మా బాబాయి కూడా వెళ్ళిపోయాడు. నాయనమ్మకు చిన్న కొడుకంటే ప్రాణం. సంఘంలో ఆమెది పేరుపడ్డ నోరు, ఆమె ప్రార్థనకు లేచిందంటే ఆడవాళ్ళు పిల్లలకు ముందే పాలు పట్టేసుకొనేవారు, అంత పొడుగు. అలాంటి మనిషి కొడుకు ఓడ కదిలిన రోజునుంచి నోరు మూసేసింది. వచ్చేది, కూర్చునేది గాని అందరితోపాటు ఆమేన్ అనేది కాదు. పాట పుస్తకం ఒళ్ళో తలకిందులుగా పెట్టుకొనేది, చదువు రాకపోయినా అంతకుముందు ఎన్నడూ అలా పెట్టుకొన్నది కాదు. నాన్న దానికి లోలోపల నలిగిపోయేవాడు.

సండే స్కూలుకు వచ్చే పిల్లలు తగ్గిపోయి పెద్దవాళ్ళు కూడా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాక, నాన్న కొత్తగా ఏదైనా చెప్పాలని సంఘపు బీరువాలో వెతికి ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకొన్నాడు. ఎప్పటి మిషనరీ దొరసానిదో, వానకు తడిసి అట్ట ఉబ్బిపోయి ఉండేది. శనివారం మధ్యాహ్నం నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక అధ్యాయం చదివేవాడు, ఆదివారం తెలుగులో చెప్పేవాడు. ఆ ఇంగ్లీషు పేరు మావాళ్ళ నోళ్ళకు పట్టక, బిల్లు పెట్టే దొర గనక బిల్లు దొర అయ్యాడు.

ఇక్కడే నాన్న చేసిన పొరపాటు ఒకటి ఉంది. చెప్పేటప్పుడు ఆయన ఒకప్పుడు అని మొదలుపెట్టేవాడు కాదు. ఉత్తరాలు చదివిన గొంతుతోనే, ఉత్తరాలు చదివిన చోటే నిలబడి, ఈ వారం బిల్లు దొరకు ఏమైందంటే అని ఎత్తుకొనేవాడు. విన్నవాళ్ళకు రుచిగా ఉంటుందని అలా చెప్పాడే గాని వేరే ఉద్దేశం లేదు.

ఈ వారం బిల్లు దొర రేవు పట్నంలో వర్తకుల ఇంట పుట్టి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొన్నాడు. ఈ వారం ఇరవై దాటగానే పార్లమెంటులో కూర్చున్నాడు, మనిషి పిడికెడు, గొంతు మాత్రం సభ చివరి వరుసదాకా వినబడుతుంది, విందులు, పేకాట, పాటలు, ఆయన లేనిదే లండను పెద్దమనుషులకు సాయంత్రం గడవదు. ఈ వారం ప్రభువు ఆయనను పట్టుకొన్నాడు. రాజకీయాలు వదిలేసి పాస్టరునైపోదునా అని దిగులుపడి, చాటుగా ఒక ముసలి పాస్టరు దగ్గరికి వెళితే, ఒకనాడు తానే బానిసల ఓడకు కెప్టెనుగా పనిచేసి మారుమనసు పొందిన ఆ ముసలాయన, నీ చోటు అదే, అక్కడే ఉండి దేవుని పని చెయ్యి అని తిప్పి పంపించాడు. ఈ మాట నాన్న ఆ రోజు రెండుసార్లు చెప్పాడు. ఆయన కూడా సువార్త పనికి వెళ్ళాలని ఆశపడి గోదాములో ఉండిపోయిన మనిషే.

ఆ తరవాతి ఆదివారం ఓడల సంగతి చెప్పాడు. మనుషులను ఓడ అడుగున పక్కపక్కనే, చెంచాలు పేర్చినట్టు పడుకోబెట్టి తీసుకుపోవడం, దారిలో పోయినవాళ్ళను నీళ్ళలోకి వదిలేయడం. అది వింటూ వింటూ నాయనమ్మ లేచి బయటి పంపు దగ్గరికి వెళ్ళింది. తను పదేళ్ళ పిల్లగా, కూలీలను రంగూను తెచ్చే మేస్త్రీ వెంట కళింగపట్నం రేవులో ఓడెక్కినప్పుడు చంకనెత్తుకొన్న తమ్ముడు జ్వరంతో దారిలోనే పోయాడనీ, వాణ్ణి గోనెలో చుట్టి సముద్రంలో వదిలారనీ మాకు తెలుసు, కాని ఆ తమ్ముడి మాట ఆమె ఎత్తగా నేను ఒక్కసారే విన్నాను. మొహం కడుక్కొని తిరిగి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చొని, ఆ బిల్లు బాబు పేరు కూడా పుస్తకంలో రాయమంది. పెద్దమ్మ రాసింది. బుధవారం ఆ పేరు చదివినప్పుడు, దాదాపు ఏడాది తరవాత, నాయనమ్మ లేచి నిలబడి నోరు తెరిచింది.

ఆ ప్రార్థన ఎంత పొడుగో చెప్పలేను గాని ఒక పసివాడు రెండుసార్లు నిద్రపోయి లేచాడు. అక్కడినుంచి వారం వారం అదే. దొరకు కడుపునొప్పి అని నాన్న చెబితే కడుపునొప్పి కోసం, కళ్ళు సరిగా కనబడవంటే కళ్ళ కోసం. ఒక ఏడు బిల్లు నాలుగు ఓట్లలో పోయిందనీ, దొర పక్షంవాళ్ళు పదిమందిదాకా ఆ సాయంత్రం కొత్త సంగీత నాటకం చూడడానికి వెళ్ళడమే కారణమనీ నాన్న చెప్పిన వారం ఆడవాళ్ళందరూ మండిపడ్డారు. ఎందుకు మండరు, మా మగవాళ్ళు కూడా చిమిండైంగ్‌లో ప్వే ఆడుతోందంటే చాలు, తెల్లవార్లూ ఆ ఆటపాటలు చూసి పొద్దున ఆరాధనలో కునికేవాళ్ళే గదా. ఆ బుధవారం నాయనమ్మ, ఆ నాటకాలోళ్ళ కాళ్ళు ఇరగ్గొట్టు తండ్రీ అని ప్రార్థించబోతే, పెద్దమ్మ మోచేత్తో పొడిచి, కాళ్ళు ఇరగ్గొట్టడం కాదు, మనసు మార్చమనాలి అని చెవిలో చెప్పింది. ముందు కాళ్ళిరిగితే మనసు అదే మారతాదని నాయనమ్మ బిగ్గరగానే జవాబిచ్చింది.

దొర ఇంకా బతికే ఉన్నాడని ఆడవాళ్ళు నమ్ముతున్న సంగతి నాన్నకు తెలిసింది నా వల్లనే. బిల్లు దొరకు కడుపునొప్పి తగ్గిందా నాన్నా, నాయనమ్మ ఉపవాసముంది అని నేను అడిగితే ఆయన కలం కిందపెట్టి నావంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. వెంటనే చెప్పేయవలసింది. చెప్పడానికి లేచాడు కూడా. కాని వంటింట్లో నాయనమ్మ బియ్యం కడుగుతూ కీర్తన పాడుతోంది. ఏడాదిగా వినబడని పాట. నాన్న గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు.

అలా మరి కొన్ని వారాలు సాగింది. పడ్డ బిల్లు మళ్ళీ పెట్టి, మళ్ళీ పడి, చివరకు ఒక రోజు సభ అంతా లేచి నిలబడి బిల్లు దొరకు జేజేలు కొడుతుంటే ఆయన చేతుల్లో తల పెట్టుకొని ఏడుస్తూ కూర్చున్నాడని నాన్న చెప్పినప్పుడు ఆరాధన జరిగే మా పాక మొత్తం స్తోత్రం అంది. కాని ఆగింది వ్యాపారం ఒకటే, ఉన్న బానిసలు ఇంకా బానిసలే, వాళ్ళను విడిపించడం ఇంకో జీవితకాలపు పని, దొరకు ముసలితనం వచ్చేసింది. సరిగ్గా అక్కడ పుస్తకం అయిపోయింది. చివరి అధ్యాయం కాగితాలన్నీ తడిసి ఒకటైపోయి ఇటుకలా గట్టిపడ్డాయి. వేలుపెడితే పొడి రాలేది.

అప్పుడే మా పాస్టరయ్యగారు వచ్చారు. ఊళ్ళలోని తెలుగు సంఘాలు చూసుకొని నెలల తరవాత తిరిగి వచ్చి, బుధవారం మనవుల పుస్తకం చేతిలోకి తీసుకొని చూస్తే, చనిపోయి నూరేళ్ళు దాటిన మనిషి పేరు వారం వారం కనబడింది. అయ్యగారు సన్నగా, నిటారుగా, మాటలో నవ్వు లేని మనిషి, మంచివాడు. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మన బోధ కాదని మీకు తెలిసిందే. ఇరుగుపొరుగు బర్మావాళ్ళు పోయినవారికి పుణ్యం పంచుతారు, వారి నమ్మకం వారిది, మా సంఘంలో సగం ఇళ్ళు వాళ్ళతో వియ్యమందినవే గనక ఆ ఒక్క సంగతిలో అయ్యగారు ఎప్పుడూ మెలకువగా ఉండేవారు. సంఘపెద్దలు కూర్చున్నారు. నాన్న మీద తీర్మానం అయింది. తల్లికి నిజం చెప్పాలి, ఆదివారం సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలి, సండే స్కూలు బాధ్యత పెద్దలు చెప్పేదాకా పక్కన పెట్టాలి. నాన్న అన్నిటికీ ఒప్పుకొన్నాడు. అమ్మతో మాత్రం అన్నాడట, పదవి పోతే పోనీ, మా అమ్మ నోరు మళ్ళీ మూతపడితే దాన్ని తెరిపించే ఈ వారం కథ ఇంకొకటి నా దగ్గర లేదని.

శనివారం మధ్యాహ్నం నాయనమ్మ గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చొని రాళ్ళు లెక్కపెడుతున్నాను. నాన్న వచ్చి నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, బిల్లు దొర సచ్చిపోనాడే."

"ఎప్పుడు?"

"శానా కాలమైంది. నువ్వు పుట్టకముందు. మీ తాత కూడా పుట్టకముందు."

నాయనమ్మ చేట ఆపలేదు. ఒక చెరుగు, ఇంకో చెరుగు. మేడ మీదివాళ్ళ రేడియోలో బర్మా పాట అయిపోయి వార్తలు మొదలయ్యాయి.

"మరి ఇన్నాళ్ళూ నా సేత సచ్చినోడికి పార్తన సేయించినావేటి?"

"తప్పైపోనాది."

"పోనీ, ఆ బానిసోళ్ళని ఒగ్గీసినారా?"

"ఒగ్గీసినారు. అది నిజం."

"ఆ బాబు సూసినాడేటి?"

నాన్న తల దించుకున్నాడు. "తెల్దమ్మా. ఆకరి కాయితాలు పోనాయి."

సూసినాడని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. తల్లి నమ్మేది, మళ్ళీ పాడేది, అడిగేవాళ్ళు కూడా లేరు. ఎన్నో ఏళ్ళ తరవాత నేను టీచరునయ్యాక నాన్న నాకు చెప్పాడు, నాలుక చివరిదాకా వచ్చిన ఆ అబద్ధాన్ని మింగడానికే తన దగ్గరున్న విశ్వాసమంతా అయిపోయిందని. నాయనమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఆదివారం నాన్న సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకొన్నాడు, బీరువా తాళాలు అయ్యగారి చేతిలో పెట్టాడు. నాయనమ్మ ముందు వరుసలో కూర్చొని కొడుకు వంక చూడలేదు, నేల వంక చూసింది. బుధవారం పెద్దమ్మ పేర్లన్నీ చదివి ఆగి ఎదురుచూసింది. నాయనమ్మ లేవలేదు. ఆ పై బుధవారమూ లేవలేదు.

నాన్న వెతకని చోటు లేదు. గోదాము పని అయ్యాక పన్‌సోడాన్ వీధిలో పాత పుస్తకాలవాళ్ళ దగ్గర కూర్చొని అట్టలన్నీ తిప్పేవాడు. చదువుకున్న వారెవరు కనబడినా ఇంగ్లీషు పార్లమెంటు సంగతి అడిగేవాడు. బానిసలకు విడుదల వచ్చిందని అందరికీ తెలుసు. ఆయన కళ్ళుండగానే వచ్చిందా అన్నది ఎవరికీ తెలియదు. వాగ్దాన దేశాన్ని కొండ మీదినుంచి చూసి, అడుగుపెట్టకుండానే కన్నుమూసిన మోషేకు జరిగిందే ఈయనకూ జరిగిందేమో, అది చెబితే తన తల్లి అర్థం చేసుకుంటుందా అని మా అమ్మను అడిగేవాడు. ఈయన ఆ కొండైనా ఎక్కి చూశాడో లేదో తెలియాలి గదా అనేది అమ్మ.

మూడో వారం, జోరున వాన పడుతున్న ఒక సాయంత్రం, అయ్యగారు సైకిలు నడిపించుకొంటూ మా వాకిట్లోకి వచ్చారు. గొడుగు తన మీద కాక సైకిలు బుట్ట మీద పట్టుకొని వచ్చారు, తల మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. బుట్టలో ఆయిల్‌క్లాత్ చుట్టిన మూట. తాను చదువుకున్న బైబిలు కాలేజీకి వెళ్ళి, రెండు రోజులు అక్కడి లైబ్రరీలో వెతికి, అదే పుస్తకం ఇంకో ప్రతి బతిమాలి తెచ్చారట. తుడుచుకోవడానికి అమ్మ తువ్వాలు ఇస్తే మొదట పుస్తకాన్ని తుడిచారు. నాన్నను చదవమంటే నాన్న, మీరే చదవండి అయ్యగారూ, నా నోట వద్దు అన్నాడు.

అయ్యగారికి కథ చెప్పడం రాదు. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో మనసులో చదువుకొని, గ్రాంథికంలో కూడబలుక్కొని చెప్పారు. దొర ముసలివాడై వంగిపోయాడు, చూపు దాదాపు పోయింది, ఆస్తి తరిగి కొడుకుల ఇళ్ళలో కాలం గడుపుతున్నాడు, పని చిన్నవాళ్ళకు అప్పగించేశాడు. జబ్బుచేసి లండనుకు తెచ్చారు. పడక మీద ఉండగా కబురు వచ్చింది, బానిసలందరినీ విడిపించే బిల్లుకు సభ ఒప్పుకొంది, ఇక తిరుగులేదు అని. తనను ఆ దినందాకా బతికి ఉండనిచ్చినందుకు ఆయన దేవునికి కృతజ్ఞత చెప్పాడు. మూడు రోజులకు కన్నుమూశాడు.

"మూడ్రోజులా?" అంది నాయనమ్మ.

"మూడు రోజులే అమ్మా."

ఆమె గోడ పట్టుకొని లేచింది. పైట తల మీదికి లాక్కుంది. మేము లేవడానికి కూడా వ్యవధి ఇవ్వకుండా ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, ఆ బాబుని మూడ్రోజులు ఆపినావు. సూపించి తీసికెల్లినావు. నీకు వందనాలు. నా తమ్ముడికి ఆ మూడ్రోజులు దొరకలేదు, అడగను. ఈ బాబుకి దొరికినాయి, సాలు."

ఇంతే. ఆమె చేసిన ప్రార్థనలన్నిటిలోకి పొట్టిది. అందరికంటే ముందు ఆమేన్ అన్నది అయ్యగారు.

తరవాత నాయనమ్మ అయ్యగారి వంక తిరిగి, సచ్చినోడి గురించి ఇలాగ సేయొచ్చునా, ఇదీ తప్పేనా అని నిలదీసింది. స్తుతి ఎప్పుడూ తప్పు కాదమ్మా, తప్పు పట్టినవాళ్ళమే తొందరపడ్డామేమో అన్నారాయన, అంత మాట అయ్యగారి నోట మేము వినడం అదే మొదలు. అయితే వచ్చే బుధవారంనుంచి మీ పేరు రాయిస్తాను, మీరు బతికే ఉన్నారు గదా, రెండ్రోజులు వానలో తడిసినారు అంది నాయనమ్మ. అయ్యగారు నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొన్నారు. అన్నట్టే రాయించింది. ఆ బుధవారం కూడిక ముగిసేసరికి వీధి దీపాలు వెలిగాయి.

నాన్నకు సండే స్కూలు మరుసటి నెల తిరిగి ఇచ్చారు. అయితే ఆయన మళ్ళీ ఎప్పుడూ ఈ వారం అని మొదలుపెట్టలేదు, బుద్ధిగా ఒకప్పుడు అనేవాడు. కథల్లో ఆ పాత రుచి ఉండేది కాదు, ఆ మాట ఆయనతో ఎవరమూ అనలేదు. నాయనమ్మ మరో ఆరేళ్ళు బతికింది. చివరిదాకా గొంతు తగ్గలేదు.

ఇప్పుడు మా తెలుగు ఆరాధన నెలకొక్కసారి, మిగతా ఆదివారాలు బర్మా భాషలోనే. దేవుడు రెండు భాషలూ ఎరిగినవాడే, దానికి నేను నొచ్చుకోను. ప్రార్థన మనవులు ఇప్పుడు ఫోనులో వస్తాయి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కితే అయిపోతుంది, నేను కూడా నొక్కుతున్నాను. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో క్షణంలో తెలిసిపోయే ఈ కాలంలో మా నాయనమ్మ చేసిన పొరపాటు ఇక ఎవరూ చెయ్యరు. కాని ముఖం చూడని పరాయి మనిషి కడుపునొప్పి కోసం ఒక పూట అన్నం మానేసిన ముసలమ్మలు కూడా ఇక కనబడరు. నా మోకాళ్ళ మీద నేనే అంతసేపు ఉండలేకపోతున్నాను.

అందుకని, చదువుతున్న అన్నల్లారా, అక్కల్లారా, మీరు ఎక్కడ ఉన్నా ఒక్క నిమిషం నాతో కూడా తల వంచండి. ఎక్కడో ఎవరో ఒక మంచి పని మొదలుపెట్టి, పదిసార్లు ఓడి, అది తన కళ్ళుండగా అవుతుందో లేదో తెలియక ఈ పూట అలసిపోయి కూర్చొని ఉంటారు. వారి పేరు మనకు తెలియదు, తండ్రికి తెలుసు. ప్రభువా, ఆ మనిషికి చూపించు, చూపించిన తరవాతే పిలుచుకో. ఆమేన్ అనండి.